నెమ్మది ట్రాఫిక్‌లో కారు ‘ధబ్‌’మంటోందా? చప్పుడు ఎక్కడిదో పట్టుకునే పద్ధతి

సంక్రాంతికి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర, వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లుల దారిలో ట్రాక్టర్ల వెనుక, సాయంత్రం పూట మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తాలో బండి అడుగులో అడుగు వేస్తూ కదులుతుంటే కింది నుంచి ‘ధబ్’ అనో ‘ఠక్’ అనో వినిపిస్తుంది. అదే బండి హైవే ఎక్కి 80లో పోతుంటే ఏ చప్పుడూ ఉండదు. స్పీడులో బాగానే ఉంది కదా అని కొందరు వదిలేస్తారు. ఇంకొందరు షెడ్డుకు పోయి “ఏదో సౌండ్ వస్తోంది, చూడన్నా” అంటారు. అంతకుమించి చెప్పకపోతే మెకానిక్ అందాజా మీద ముందు లింక్ రాడ్లు మారుస్తాడు, తర్వాత చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, ఆ తర్వాత కుదుపు మింగే షాకర్లు. వేలకు వేలు పోయాక కూడా చప్పుడు అక్కడే ఉంటుంది.

ఒక్క ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఉంటే సగం పని అయిపోయినట్టే: చప్పుడు వచ్చిన క్షణంలో మీ కాలు, మీ చెయ్యి ఏం చేస్తున్నాయి? క్లచ్ వదులుతున్నారా, యాక్సిలరేటర్ తొక్కారా, వదిలారా, బ్రేకు పట్టారా, స్టీరింగ్ తిప్పారా, లేక ఏమీ చేయకుండానే చక్రం గుంతలో పడిందా? కింద చెప్పే పరీక్షలన్నీ ఈ జవాబు రాబట్టడానికే.

నెమ్మదిలోనే ఎందుకు వస్తుంది

చిన్న పెట్రోల్ కార్లలో మొదటి గేరు నిష్పత్తి దాదాపు 3.5, డిఫరెన్షియల్‌ది (బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) దాదాపు 4. రెండూ గుణిస్తే 14. ఇంజన్ తిప్పే బలం మొదటి గేరులో దాదాపు 14 రెట్లై చక్రాలకు చేరుతుంది. అంత బలంతోనూ ఇంజన్, గేర్‌బాక్సు కలిసి ఎదురు దిక్కుకు తిరగబోతాయి. వాటిని పట్టి ఆపేవి మౌంటింగులు. యాక్సిలరేటర్ తొక్కితే ఈ బలం ఒక దిక్కుకు, వదిలితే ఇంకో దిక్కుకు పనిచేస్తుంది. ట్రాఫిక్‌లో తొక్కడం, వదలడం ఆగకుండా సాగుతుంది కాబట్టి గేరు పళ్ల మధ్య, ఆక్సిల్ (గేర్‌బాక్సు నుంచి చక్రానికి బలం తెచ్చే కడ్డీ) జాయింట్లలో, మౌంటింగ్ రబ్బరులో ఉన్న ఖాళీ ప్రతిసారీ ఇటు నుంచి అటు కొట్టుకుంటుంది. హైవే మీద టాప్ గేరులో బలం తక్కువ, పైగా ఎక్కువసేపు ఒకే దిక్కుకు ఉంటుంది. ఖాళీ ఎంత ఉన్నా ఒక పక్కకు ఒరిగి ఊరుకుంటుంది. మిగిలిన కాస్త చప్పుడునూ గాలి, టైర్ల మోత మింగేస్తాయి.

కొద్దిపాటి ఖాళీ ప్రతి మాన్యువల్ బండిలోనూ ఉంటుంది, ఉండాలి కూడా. గేరు పళ్ల మధ్య సందు లేకపోతే ఆయిల్ పోదు, వేడికి పళ్లు బిగుసుకుంటాయి. కాబట్టి మొదటి గేరులో కాలు చప్పున వదిలితే వచ్చే చిన్న ‘టక్’కు భయపడక్కర్లేదు. మొన్నటిదాకా లేనిది కొత్తగా మొదలైతే, వారం వారం పెరుగుతుంటే, లేదా కాలి కింద తగిలేంత దెబ్బగా ఉంటే అప్పుడు వెతకాలి.

జబ్బు కాని చప్పుళ్లు

వెతకబోయే ముందు వీటిని పక్కన పెట్టండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా బండ్లలో స్టార్ట్ చేసి కదిలాక 10–20 కి.మీ. వేగం దగ్గర ఒకే ఒక్కసారి ‘గుర్ర్‌టక్’ అంటుంది. అది ఏబీఎస్ తనను తాను పరీక్షించుకోవడం. ఏసీ వేసి నిలబడి ఉంటే కంప్రెసర్ క్లచ్ పడుతూ లేస్తూ ‘టిక్’మంటుంది, అప్పుడు ఇంజన్ కొద్దిగా కుంగుతుంది. కదలగానే తలుపులు వాటంతట అవే లాక్ అయ్యే బండ్లలో అదొక చప్పుడు. ట్యాంకు సగం ఉన్నప్పుడు బ్రేకు పడితే వెనుక సీటు కింద పెట్రోలు ‘గుళుక్’మంటుంది. బండి పూర్తిగా ఆగి, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగకుండా రివర్స్ వేస్తే పళ్లు గీరుకోవడం కూడా మామూలే. చాలా కార్లలో రివర్స్ గేరుకు సింక్రో (గేరు పళ్ల వేగాలు సమం చేసే ఏర్పాటు) ఉండదు.

మొదటి మెట్టు: డిక్కీ, చక్రాల నట్లు

జాకీ ఎత్తకముందే డిక్కీ ఖాళీ చేయండి. స్టెపినీ బిగింపు, జాకీ, వీల్ పానా, నీళ్ల క్యాన్, గ్యాస్ సిలిండర్ ఇవన్నీ సీటు కింద షాకర్ పోయినట్టే వినిపిస్తాయి. తర్వాత బానెట్ ఎత్తి బ్యాటరీని చేత్తో ఊపండి. బిగింపు పట్టీ లూజుగా ఉంటే ప్రతి గుంతకూ కొట్టుకుంటుంది. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు తెగాయేమో కూడా చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్‌ను చేత్తో పక్కలకు ఊపితే ఎక్కడ తగులుతుందో తెలిసిపోతుంది.

చక్రాల నట్లను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పంక్చర్ వేయించిన రెండు మూడు రోజుల్లోనే చప్పుడు మొదలైతే మొదటి అనుమానం వీటి మీదే. లూజు నట్టుతో నెమ్మదిగా పోతుంటే చక్రం తిరిగిన లెక్కన ‘టక్... టక్’ అని వస్తుంది, వేగం పెరిగితే తగ్గినట్టు అనిపిస్తుంది. అలా తగ్గడాన్ని నమ్మితే చక్రం ఊడుతుంది. చిన్న, మధ్య తరహా కార్లకు బిగింపు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. ఎదురెదురు నట్లను ఒకదాని తర్వాత ఒకటి బిగించాలి కానీ వరుసగా కాదు. నట్టు మరకు ఆయిల్, గ్రీజు పూయొద్దు. 50–100 కి.మీ. తిరిగాక ఇంకోసారి పానా పెట్టి చూడండి.

రెండో మెట్టు: నడిపి చూడటం

పొద్దున్నే, రద్దీ లేనప్పుడు, మార్కెట్ యార్డు లాంటి ఖాళీ జాగా చూసుకోండి. సమంగా ఉన్న చోటు కొంత, గుంతలున్న చోటు కొంత కావాలి. అద్దాలు దించండి, పాటలు, ఏసీ ఆపేయండి. వెనుక సీట్లో ఒకరు కూర్చుంటే చప్పుడు ముందుదో వెనుకదో చెప్పగలరు. డ్రైవరుకు మాత్రం వెనుక చప్పుడు కూడా చాలాసార్లు ముందు నుంచే వచ్చినట్టు ఉంటుంది.

మొదట సమమైన చోట మొదటి గేరులో, రెండు కాళ్లూ తీసేసి, బండిని దానంతట అది నడవనివ్వండి. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి చప్పున వదలండి, మళ్లీ తొక్కండి. తొక్కినప్పుడొకటి, వదిలినప్పుడొకటి ‘ధబ్’ వస్తే మౌంటింగ్, ఆక్సిల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనుక చక్రాల బండ్లలో గేర్‌బాక్సు నుంచి వెనక్కు బలం తీసుకెళ్లే పొడవు కడ్డీ) వైపు పోవాలి.

అన్నిటికంటే విలువైన పరీక్ష తర్వాతిది. గుంతల మీదుగా 10 కి.మీ. వేగంతో గేరులో ఒకసారి వెళ్లండి. అదే జాగా మీద, అదే వేగంతో, ఈసారి క్లచ్ పూర్తిగా తొక్కి పట్టి దొర్లుతూ పోండి. క్లచ్ తొక్కితే చప్పుడు మాయమైతే అది ఇంజన్ నుంచి చక్రం దాకా ఉన్న వరుసలోది. తొక్కినా అలాగే ఉంటే సస్పెన్షన్, స్టీరింగ్ లేదా బాడీది. ఈ ఒక్క పరీక్ష చేసి షెడ్డుకు పోయినా, అనవసరంగా మార్చే సామాన్లు సగానికి సగం తగ్గుతాయి.

ఇక స్పీడ్ బ్రేకర్ పరీక్ష. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నేరుగా ఒకసారి దాటండి. తర్వాత ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఇంకోటి ఎక్కేలా దాటండి. నేరుగా దాటినప్పుడు ఎడమ, కుడి చక్రాలను కలిపే స్టెబిలైజర్ రాడ్‌కు మెలిక పడదు. ఏటవాలులోనే ‘కటకట’ వస్తే లింక్ రాడ్లు (దాని చివరలను చక్రాల వైపు కలిపే చిన్న కడ్డీలు) లేదా స్టెబిలైజర్ బుష్‌లు (రబ్బరు తొడుగులు). రెండు విధాలా వస్తే షాకర్, స్ట్రట్ మౌంట్ (ముందు షాకర్ పైభాగాన్ని బాడీకి బిగించే చోటు), బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్ చివరి గుండు కీలు) వైపు చూడాలి.

బ్రేకు పరీక్షకు ముందుకు కదిలి ఆపండి, రివర్స్‌లో కదిలి ఆపండి. దిక్కు మారిన ప్రతిసారీ మొదటి బ్రేకుకు ఒక ‘ఠక్’ వచ్చి, ఆ తర్వాత రాకపోతే రెండు అవకాశాలున్నాయి: బ్రేక్ ప్యాడ్లు కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జరగడం, లోయర్ ఆర్మ్ బుష్ చిరగడం. వేరు చేయడానికి బండి కదులుతుండగానే మొదట బ్రేకు పెడలును తేలిగ్గా తాకి ఉంచండి. ప్యాడ్లు అప్పటికే ఒక పక్కకు చేరతాయి. ఆ తర్వాత గట్టిగా తొక్కినప్పుడు చప్పుడు రాకపోతే ప్యాడ్లది, వస్తే బుష్‌ది. 5 కి.మీ. వేగంలో కాలి బ్రేకు బదులు హ్యాండ్ బ్రేకుతో కూడా ఆపి చూడండి. అది వెనుక చక్రాలనే పడుతుంది కాబట్టి అప్పుడు చప్పుడు లేకపోతే సమస్య ముందువైపే.

చివరిది స్టీరింగ్. పూర్తిగా కుడికి తిప్పి మొదటి గేరులో ఒక చుట్టు, ఎడమకు తిప్పి ఒక చుట్టు వేయండి. చక్రం వేగాన్ని బట్టి ‘టిక్ టిక్ టిక్’ పెరుగుతుంటే ఆక్సిల్ బయటి జాయింట్ అరిగింది. నిలబడి ఉండగా తిప్పినా ‘టంగ్’మని స్ప్రింగు జారిన చప్పుడు వస్తే స్ట్రట్ పైనుండే బేరింగ్ పట్టేసింది.

ఇంజన్ మౌంటింగులు

ముందు చక్రాలతో నడిచే మాన్యువల్ కార్లలో, క్లచ్ వదులుతుంటే వచ్చే ‘ధబ్‌’కు ఎక్కువసార్లు కారణం ఇదే. కొన్ని షెడ్లలో దీన్నే ఫౌండేషన్ అంటారు. చాలా కార్లలో మూడు ఉంటాయి: ఇంజన్ పక్కన ఒకటి, బ్యాటరీ ట్రే కింద గేర్‌బాక్సును మోసేది ఒకటి, వెనుక కింది భాగంలో ఇంజన్ ఊగకుండా పట్టే టార్క్ రాడ్ ఒకటి. బరువు మోసేవి మొదటి రెండే. మొదటి గేరు, రివర్స్ దెబ్బ తినేది ఎక్కువగా మూడోది. అందుకే అది ముందు చిరుగుతుంది. క్లచ్ వదలగానే గేరు రాడ్ ముందుకో వెనక్కో ఎగిరిపడటం దీని గుర్తు.

నల్లగొండ జిల్లాలో మే నెలలో బయటే 44–45 డిగ్రీల దాకా పోతుంది. ట్రాఫిక్‌లో నిలబడితే రేడియేటర్ ఫ్యాను విసిరే వేడి అంతా బానెట్ కిందే తిరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ వేడికి రబ్బరు గట్టిపడి, పగిలి, ఇనుముతో ఉన్న అతుకు విడుస్తుంది. ఇంజన్ ఆయిల్ కారి పైన పడుతుంటే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఆ లీకు ఆపకుండా మౌంటింగ్ మారిస్తే కొత్తది కూడా త్వరగానే పోతుంది.

ముందు ఇంజన్ ఆపేసి చూడండి. సమమైన నేల మీద మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు తీసి, బండిని చేతులతో ముందుకూ వెనక్కూ ఊపించండి. డ్రైవర్ సీట్లో ఒకరు బ్రేకు మీద కాలు పెట్టడానికి సిద్ధంగా ఉండాలి. బానెట్ ఎత్తి పక్క నుంచి చూస్తే ఇంజన్ ఎంత ఊగుతోందో, ఏ మూల నుంచి చప్పుడో తెలుస్తుంది. తేలకపోతే ఇంజన్ నడిపి చూడాలి. చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేరులో క్లచ్‌ను బండి కుంగే దాకా మాత్రమే వదిలి వెంటనే తొక్కాలి. తర్వాత రివర్స్‌లో అలాగే. ఒక్కోసారి రెండు సెకన్లకు మించొద్దు, క్లచ్ ప్లేటు కాలుతుంది. బండి ముందు గానీ వెనుక గానీ ఎవరూ నిలబడకూడదు, చూసేవాళ్లు పక్కనే ఉండాలి. ఇంజన్ ఒకటి రెండు సెంటీమీటర్లు ఊగడం మామూలే. మూడు నాలుగు సెంటీమీటర్లు లేచి, దెబ్బ కొట్టినట్టు ఆగితే రబ్బరు పోయినట్టే. కొన్ని మౌంటింగుల లోపల ద్రవం ఉంటుంది. చుట్టూ నల్లగా తడి మరక కనిపిస్తే అది కారిపోయింది.

టార్క్ రాడ్ మార్చడం తేలిక పని. పై మౌంటింగులు విప్పేటప్పుడు మాత్రం ఇంజన్‌కు కింద ఆసరా కావాలి. ఆయిల్ సంపు మీద నేరుగా జాకీ పెడితే సొట్ట పడుతుంది. మధ్యలో వెడల్పు చెక్క పెట్టి, బరువు ఆనేంత మాత్రమే ఎత్తాలి. కొత్తది పెట్టాక బోల్టులన్నీ వేళ్లతో ఎక్కించి, ఇంజన్‌ను కాస్త ఊపి, అది తన చోట సర్దుకున్నాక బిగించాలి. వంకరగా లాగి బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిక మీదే ఉంటుంది. చవక డూప్లికేట్ల రబ్బరు చాలాసార్లు మరీ గట్టిగా ఉంటుంది. చప్పుడు పోతుంది కానీ ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్, సీటు అదరడం మొదలవుతుంది. ఈ ఒక్క సామాను విషయంలో కంపెనీది కొనడమే మంచిది. ఒకటి చిరిగితే మూడూ మార్చాలన్న రూలు లేదు. టార్క్ రాడ్ ఒక్కటి ముందు మార్చి నడిపి చూడండి.

ఆక్సిళ్లు

టైరు లోపలి అంచుకు నల్ల గ్రీజు చిమ్మి కనిపిస్తే బూటు (జాయింట్ మీది రబ్బరు తొడుగు) చిరిగింది. చప్పుడు ఇంకా మొదలు కాకపోతే అదృష్టమే. జాయింట్ విప్పి, కడిగి, కొత్త బూటు, మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు పెడితే చాలు. బయటి జాయింట్‌కు మామూలుగా 80 నుంచి 120 గ్రాములు పడుతుంది, బూటు కిట్‌లో వచ్చిన ప్యాకెట్ మొత్తం పెట్టండి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు ఇక్కడ నిలవదు. చిరిగిన బూటుతో పొలం బాటల దుమ్ములో నెల తిరిగితే మాత్రం లోపలి గోలీలు, గాడులు అరిగిపోతాయి. ‘టిక్ టిక్’ మొదలయ్యాక గ్రీజుతో లాభం లేదు.

లోపలి జాయింట్ పోతే తిప్పినప్పుడు కాదు, నేరుగా పోతూ కాలు తొక్కినప్పుడు, వదిలినప్పుడు దెబ్బ వస్తుంది. మౌంటింగ్ చప్పుడుకూ దీనికీ తేడా ఒకటి: జాయింట్ అరిగితే బండి ఊపందుకుంటుంటే ముందు భాగం వణుకుతుంది. ఇంజన్ ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఆక్సిల్‌ను చేత్తో పట్టి అటూ ఇటూ మెలితిప్పండి. గేర్‌బాక్సు లోపల నుంచి వచ్చే కొద్దిపాటి ఆట (లూజు) మామూలే. షాఫ్టు తిరుగుతున్నా జాయింట్ కప్పు తిరగకుండా మధ్యలో ఖాళీ కనిపిస్తే అది పోయినట్టు.

చక్రం మధ్యలో ఉండే పెద్ద ఆక్సిల్ నట్టు లూజైతే ముందుకు–వెనక్కు దిక్కు మారినప్పుడు ఒకే ఒక పదునైన ‘టక్’ వస్తుంది. నట్టు మీద నుంచి హబ్ మీదకు తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఖాళీ జాగాలో మెల్లగా ముందుకూ వెనక్కూ కొద్దిసేపు నడపండి. గీత రెండు ముక్కలైతే నట్టు జరిగింది. అంచు కొట్టి లాక్ చేసే నట్టును ఒకసారి విప్పాక మళ్లీ వాడకూడదు.

బొలెరో, ఇన్నోవా క్రిస్టా, తవేరా లాంటి వెనుక చక్రాల బండ్లు

వీటిలో కదిలేటప్పుడు ఇనుము మీద ఇనుము కొట్టినట్టు ‘టంగ్’ వస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి దూరాలి. చక్రాలకు నాలుగు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, క్రాసుకు (షాఫ్టు మడత పడే చోటి ప్లస్ గుర్తు ఆకారపు జాయింట్) ఇరువైపులా రెండు చేతులతో పట్టి ఎదురెదురుగా తిప్పండి. కంటికి కనిపించేంత ఆట ఉంటే క్రాసు మార్చాల్సిందే. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉంటే లోపల గ్రీజు ఎండిపోయింది. గ్రీజు నిపుల్ ఉన్న క్రాసుకు పాత నల్ల గ్రీజు పోయి కొత్తది నాలుగు కప్పుల అంచుల నుంచీ బయటికి వచ్చేదాకా కొట్టాలి. ఒక్క కప్పు నుంచి రాకపోయినా ఆ దారి మూసుకున్నట్టే.

బండి ఆగిన అర సెకనుకు వెనుక నుంచి ఎవరో తన్నినట్టు ఒక దెబ్బ తగులుతుందా? అది షాఫ్టు పొడవు సర్దుకునే జారుడు స్ప్లైన్‌ది. ఆగేటప్పుడు స్ప్రింగులు కుంగితే ఈ స్ప్లైన్ జరగాలి. ఎండిపోతే పట్టేసి, ఒక్కసారిగా జారుతుంది. గ్రీజుతోనే పోయే జబ్బు ఇది. వానాకాలంలో మోరీల మీద పారే నీళ్లలోంచి బండి పోతే కిలోమీటర్ల లెక్క చూడకుండా వెంటనే గ్రీజు కొట్టించండి. షాఫ్టు విప్పేవాళ్లు రెండు ముక్కల మీదా, ఫ్లాంజ్ మీదా పెయింటు గుర్తు పెట్టుకోవాలి. తిరగేసి బిగిస్తే చప్పుడు పోయి, దాని జాగాలో 60 దాటాక వణుకు వస్తుంది.

క్రాసులు, స్ప్లైన్ బాగుండి కూడా చప్పుడు ఉంటే మధ్య బేరింగ్ రబ్బరు, తర్వాత డిఫరెన్షియల్ చూడాలి. దాని లోపలి క్రౌన్–పినియన్ గేరు పళ్ల మధ్య సందు సాధారణంగా 0.1–0.2 మి.మీ. మాత్రమే ఉంటుంది. దాన్ని డయల్ గేజ్ లేకుండా అందాజాగా సర్దనివ్వకండి.

సస్పెన్షన్, స్టీరింగ్

బండి ఎత్తితే కచ్చితంగా స్టాండ్లు పెట్టండి. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి తల పెట్టడం ప్రాణాలతో ఆట.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఆట తగిలితే ఒకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకుతో ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టి ఊపితే ఆట ఉంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివర), లేదా స్టీరింగ్ ర్యాక్. టై రాడ్ బూటు మీద చెయ్యి వేసి ఊపిస్తే ఏదో వేళ్లకే తెలుస్తుంది.

లింక్ రాడ్లను మాత్రం బండి నాలుగు చక్రాల మీద నేలపై ఉండగానే చూడాలి. ఒక పక్క ఎత్తితే స్టెబిలైజర్ మెలిక పడి లింక్ రాడ్‌ను లాగి పట్టుకుంటుంది, లూజు దాక్కుంటుంది. షెడ్డులో బండి ఎత్తి “లింక్ రాడ్ బాగానే ఉంది” అనడం వెనుక చాలాసార్లు జరిగే పొరపాటు ఇదే. స్టీరింగ్ ఒక పక్కకు తిప్పి, చక్రం వెనుక చెయ్యి పెట్టి రాడ్‌ను గట్టిగా ఊపితే ‘టక టక’ చేతికే తగులుతుంది.

లోయర్ ఆర్మ్ వెనుక బుష్‌ను టామీ రాడ్‌తో (ఇనుప మీట) మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు పైపైన పగుళ్లు ఉంటే ఇంకా నడుస్తుంది. టామీ పెడితే ఇనుము పక్కకు జారి సందు తెరుచుకుంటే మార్చాలి. ఇక్కడ మెకానిక్‌తో గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది: ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేయాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే బుష్ రబ్బరు మెలిపడి, ఆ మెలికతోనే రోజూ తిరుగుతుంది. కొత్త బుష్ కొన్ని నెలలకే చిరిగిందంటే సామాను కంటే ముందు ఈ బిగింపునే అనుమానించాలి. వెనుక ఆక్సిల్ బుష్‌లకూ ఇదే పద్ధతి.

స్ట్రట్ మౌంట్‌కు బానెట్ ఎత్తి, స్ట్రట్ పై భాగం మీద అరచెయ్యి ఉంచి స్టీరింగ్ తిప్పించండి. నున్నగా కాకుండా ఆగి ఆగి ఎగిరితే బేరింగ్ పోయింది. షాకర్‌కు ఆయిల్ కారిన తడి, దాని మీద పేరుకున్న దుమ్ము చూస్తే చాలు.

బ్రేకులు

ప్యాడ్లు ‘ఠక్’మంటున్నాయని తేలితే, మార్చకముందే విప్పి చూడండి. పాత ప్యాడ్లు తీసినప్పుడు వాటిని బిగువుగా పట్టే చిన్న స్టీలు క్లిప్పులు పారేయడం చాలాచోట్ల జరుగుతుంది. చప్పుడంతా ఆ క్లిప్పులు లేకనే. కాలిపర్ జారే పిన్నులను శుభ్రం చేసి, రబ్బరును పాడుచేయని సిలికాన్ గ్రీజు పలుచగా పూయాలి. ప్యాడ్ ముఖానికీ డిస్కుకూ గ్రీజు మరక కూడా తగలకూడదు. బోల్టులు మాన్యువల్ లెక్క ప్రకారం బిగించి, బండి తీసే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి.

ఏదీ లూజు లేకపోతే

అప్పుడు కుదుపు ఎక్కడి నుంచో చూడాలి. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచేటప్పుడు) తడబడుతుంటే ఆ తడబాటు ప్రతిసారీ గేరు పళ్లను కొడుతుంది. థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి పోయే గాలిని నియంత్రించే భాగం) కార్బన్, కోతల కాలపు దుమ్ముతో నిండిన ఎయిర్ ఫిల్టర్, అరిగిన ప్లగ్గులు ముందు చూడండి. క్లచ్ వదిలే మధ్యలో మాత్రమే బండి గజగజ వణికితే క్లచ్ ప్లేటు మీద ఆయిల్ పడిందేమో చూడాలి. క్లచ్ తొక్కితే కీచుమనేది రిలీజ్ బేరింగ్. తొక్కితే ఆగి, న్యూట్రల్‌లో వదిలితే వచ్చే గరగర గేర్‌బాక్సు ఇన్‌పుట్ బేరింగ్. కొన్ని డీజిల్ కార్లలో రెండు ముక్కల ఫ్లైవీల్ (ఇంజన్ చివర తిరిగే బరువు చక్రం) ఉంటుంది. దాని లోపలి స్ప్రింగులు అలిసిపోతే స్టార్ట్ చేసినప్పుడు, ఆపినప్పుడు గడగడమంటుంది. ఖరీదైన పని కాబట్టి మౌంటింగులు సరిగ్గా ఉన్నాయని తేలాకే ఒప్పుకోండి.

నడిపే తీరు కూడా ఇందులో భాగమే. చిన్న పెట్రోల్ కారు ఐడిల్ మీద మొదటి గేరులో దాదాపు 6 కి.మీ., రెండో గేరులో దాదాపు 11 కి.మీ. వేగంతో నడుస్తుంది. 7–8 వేగంలో రెండో గేరు పట్టుకుని లాగితే ఇంజన్ ఐడిల్ కంటే కిందికి కుంగుతుంది, ప్రతి పేలుడూ ఒక దెబ్బై మౌంటింగులకు తగులుతుంది. ముందు బండికీ మీకూ మధ్య కాస్త జాగా వదిలి, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి నడవనివ్వండి. 12 దాటాకే రెండో గేరు. జాగా వదిలితే ఎవరో ఒకరు దూరతారు, దూరనివ్వండి. హాఫ్ క్లచ్ మీద గంటసేపు నిలబెట్టడం కంటే అది చవక.

వెంటనే ఆపేయాల్సినవి

బాల్ జాయింట్‌లో ఆట, టై రాడ్ ఎండ్‌లో ఆట, లోయర్ ఆర్మ్ బోల్టు లూజు, చక్రాల నట్లు, ఆక్సిల్ నట్టు, కాలిపర్ బోల్టు. వీటిలో ఏది తేలినా “ఇంటిదాకా మెల్లగా పోదాం” అనుకోవద్దు. చక్రాల నట్లు అక్కడే బిగించుకోవచ్చు. కానీ రంధ్రాలు కోలపడినా, స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) మర పోయినా ఆ చక్రంతో కదలొద్దు. మిగతా వాటికి బండిని మొత్తంగా ఎక్కించుకుపోయే వాహనం పిలిపించండి. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు మడుచుకుని స్టీరింగ్ పనిచేయదు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లోకి దిగే ప్రయాణం ఉంటే, చప్పుడు తేలకుండా బయల్దేరకండి.

షెడ్డులో

“సౌండ్ వస్తోంది” అనకుండా ఇలా చెప్పండి: “మొదటి గేరులో క్లచ్ వదులుతుంటే ఒక దెబ్బ, రివర్స్‌లో ఇంకా ఎక్కువ, క్లచ్ తొక్కి దొర్లిస్తే రాదు.” మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చప్పుడు వినిపించాకే బండి అప్పజెప్పండి. ఒకసారి ఒక సామానే మార్పించి, నడిపి చూసి, తర్వాతే రెండోదానికి పోండి. పాత సామాను అడిగి తీసుకుని రబ్బరు నిజంగా చిరిగిందో లేదో మీ చేత్తో వంచి చూడండి. లోయర్ ఆర్మ్ లేదా టై రాడ్ ఎండ్ మారిస్తే అదే రోజు వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, లేకపోతే టైరు ఒక అంచున అరుగుతుంది. 500 కి.మీ. లోపు మళ్లీ వెళ్లి, విప్పిన బోల్టులన్నిటికీ పానా పెట్టించండి.